కాగితం కారు: మడతలదా, చక్రాలదా?

పిల్లలు కారు చేసిపెట్టమని పట్టుబడితే మన ముందు దారులు రెండు. ఒకటి, మడతలతోనే కారు ఆకారం తెప్పించడం. మామూలు 80 జీఎస్ఎమ్ (అంటే చదరపు మీటరుకు 80 గ్రాముల బరువుండే) ఏ4 కాగితం ఒక్కటి చాలు, జిగురు అక్కర్లేదు, పది నిమిషాల పని. కానీ దాని చక్రాలు పేరుకే. తోస్తే జారుతుంది తప్ప దొర్లదు.

రెండోది, అట్టతో పెట్టె చేసి నిజంగా తిరిగే చక్రాలు బిగించడం. కిటుకంతా ఇరుసులోనే ఉంది. స్ట్రా ముక్కను కారు అడుగున అడ్డంగా అంటించి, అందులోంచి సన్నని వెదురు పుల్ల దూర్చాలి. పుల్ల స్ట్రాలో వదులుగా తిరగాలి, చక్రాలు మాత్రం పుల్లకు గట్టిగా అతుక్కోవాలి. నేను మొదటిసారి పుల్లనే అట్టకు అంటించేశాను; కారు కదిలితే ఒట్టు! చక్రం చిల్లు మధ్యలోంచి కాస్త పక్కకు పోయినా కారు కుంటుతుంది. అందుకే వృత్తాన్ని కంపాస్‌తో గీయండి, ముల్లు గుచ్చిన చోటే చిల్లు. చక్రానికి ఒక్క పొర అట్ట త్వరగా మెత్తబడుతుంది, రెండు మూడు పొరలు అంటిస్తే నిలుస్తుంది.

మరీ చిన్నపిల్లలకైతే మడత కారే మేలు, కత్తెర, పుల్లల టెన్షన్ ఉండదు. కాస్త పెద్దవాళ్లకు మాత్రం నా ఓటు అట్ట కారుకే, జిగురు ఆరేదాకా వాళ్లను ఆపడం కష్టమే అయినా.