ఇంట్రో టు టెక్ కోర్సు: కో టావోలో నేర్చుకుని చాలాకాలం వాడాక

టీడీఐ అనే స్కూబా డైవింగ్ శిక్షణ సంస్థ వారి ఇంట్రో టు టెక్ (టెక్నికల్ డైవింగ్‌కి తొలి మెట్టు) కోర్సు పూర్తిచేసినంత మాత్రాన ఇంకాస్త లోతుకు వెళ్లే అనుమతి రాదు. డీకంప్రెషన్ డైవ్‌లు, అంటే పైకొచ్చేటప్పుడు మధ్యలో తప్పక ఆగాల్సినవి, ఇందులో నేర్పరు. మరీ లోతు డైవ్‌ల గ్యాస్‌లో కలిపే హీలియం జోలికీ పోరు. డీకంప్రెషన్ డైవ్‌లు కావాలంటే తర్వాత అడ్వాన్స్‌డ్ నైట్రాక్స్ (నైట్రాక్స్ అంటే ఆక్సిజన్ పాలు పెంచిన గాలి), డీకంప్రెషన్ ప్రొసీజర్స్ అనే కోర్సులు చేయాలి. వాటితో 45 మీటర్ల దాకా వెళ్లొచ్చు. మరి ఈ మొదటి కోర్సుకి డబ్బెందుకు పెట్టాలి? నీళ్లలో కదలకుండా ఒకచోట ఉండటం, వీపు మీదున్న గ్యాస్‌ని లీటర్లలో లెక్కవేయడం కోసం. మామూలు రిక్రియేషనల్ కోర్సుల్లో ఈ రెండింటినీ ఇంత పట్టుబట్టి నేర్పరు. థాయ్‌లాండ్‌లోని కో టావోలో ఈ కోర్సు చేసి, ఆ పద్ధతిలోనే ఏళ్లుగా డైవ్ చేస్తూ రాస్తున్న సమీక్ష ఇది.

చేరడానికి ఓపెన్ వాటర్ సర్టిఫికెట్, 25 డైవ్‌ల లాగ్‌బుక్ ఉంటే చాలంటారు. నా దృష్టిలో 25 తక్కువ. మాస్క్‌లోకి నీళ్లొస్తే ఇంకా కంగారుపడే దశలో ఉంటే కోర్సులో సగం దాన్ని సరిచేసుకోవడానికే పోతుంది. 50 దాటి, నైట్రాక్స్ కూడా అయ్యాక వెళ్లండి. ఒకే సిలిండర్‌తోనూ ఈ కోర్సు చేయొచ్చు గానీ, ముందుముందు టెక్ వైపు వెళ్లే ఆలోచన ఉంటే జంట సిలిండర్లతోనే చేయండి. అసలు సరుకంతా అక్కడే ఉంది.

జంట సిలిండర్లంటే సాధారణంగా 11.1 లీటర్ల అల్యూమినియంవి రెండు, మధ్యలో వాటిని కలిపే గొట్టం, అంటే మానిఫోల్డ్. మూడు నాబ్‌లుంటాయి: కుడి, ఎడమ, నడుమ రెండు సిలిండర్లనూ విడదీసే ఐసొలేటర్. కుడి ఫస్ట్ స్టేజ్ (సిలిండర్ వాల్వ్‌కి బిగించి ఒత్తిడి తగ్గించే భాగం) నుంచి 2.1 మీటర్ల లాంగ్ హోస్‌తో మీరు పీల్చే రెగ్యులేటర్, వింగ్ (వీపున తేలేందుకు గాలి నింపే సంచి) ఇన్‌ఫ్లేటర్ వస్తాయి. ఎడమ నుంచి మెడకు రబ్బరు తాడుతో వేలాడే బ్యాకప్ రెగ్యులేటర్, ప్రెషర్ గేజ్. ఈ అమరికకు కారణముంది. ముందుకు ఈదుతున్నప్పుడు పైకప్పుకో, శిథిలంలోని ఇనుప కమ్మీకో నాబ్‌లు రాసుకుంటే ఎడమది మూసుకునే వైపు తిరుగుతుంది, కుడిది తెరుచుకునే వైపు తిరుగుతుంది. అందుకే గాలి అయిపోయినవాడికి ఇచ్చే లాంగ్ హోస్ ఎప్పుడూ కుడివైపే.

అందరూ తడబడేది వాల్వ్ డ్రిల్ దగ్గరే, అంటే ఈ నాబ్‌లను ఒక్కొక్కటిగా మూసి తెరిచే సాధన దగ్గర. కుడి నాబ్ మూయాలి, నోట్లోని రెగ్యులేటర్ ఖాళీ అయ్యేదాకా పీల్చాలి, బ్యాకప్‌కి మారాలి, నాబ్ తెరిచి మళ్లీ మొదటిదానికి రావాలి. తర్వాత ఐసొలేటర్ మూసి తెరవాలి. చివరికి ఎడమది మూసి, బ్యాకప్ బటన్ నొక్కి (పర్జ్ చేసి) గాలి ఖాళీ చేసి, మళ్లీ తెరవాలి. అన్నీ అయ్యాక మూడూ తెరిచే ఉన్నాయో లేదో చేత్తో తడిమి చూడాలి. ఇదంతా లోతు మారకుండా, బోర్లా పడుకున్న భంగిమ చెడకుండా చేయాలి. చెయ్యి అందకపోతే భుజం బిరుసనుకుని నిరుత్సాహపడతారు. చాలాసార్లు తప్పు భుజానిది కాదు. సిలిండర్లు బ్యాండ్లలో కిందికి ఉండటమో, హార్నెస్ పట్టీలు బిగుతుగా ఉండటమో కారణం. పట్టీలు రెండు వేళ్ల మేర వదులు చేసి, సిలిండర్లను కొంచెం పైకి జరిపి, మోచేతిని పక్కకు కాకుండా ముందు నుంచి తలమీదుగా తీసుకెళ్లి చూడండి. తల పైకెత్తితే ఇంకాస్త అందుతుంది.

ఐసొలేటర్ గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. డ్రిల్ అయ్యాక అది మూసే ఉండిపోతే మీరు కుడి సిలిండర్ నుంచి పీలుస్తుంటారు, గేజ్ మాత్రం ఎడమదాన్నే చూపిస్తుంటుంది. ముల్లు కదలదు, కుడిది ఖాళీ అవుతుంటుంది. డైవ్‌లో చాలాసేపటిదాకా ముల్లు కదలకపోతే ముందుగా ఆ నాబ్ చూడండి. సిలిండర్లు నింపించుకుని వచ్చినప్పుడూ అంతే. ఐసొలేటర్ మూసి నింపితే రెండు సిలిండర్లలో ఒత్తిడీ ఒకటిగా ఉండదు, నైట్రాక్స్ పాళ్లూ ఒకటిగా ఉండవు.

ఫిన్స్ విషయంలో బేరం లేదు. జెట్ ఫిన్ లాంటి బిరుసైన, వెడల్పాటి రబ్బరు ఫిన్స్ కావాలి. మధ్యలో చీలిన స్ప్లిట్ ఫిన్స్‌తో బ్యాక్ కిక్, అంటే వెనక్కి ఈదడం, రాదు. ఆ బ్యాక్ కిక్ కోర్సు రోజుల్లో పూర్తిగా రాకపోయినా బెంగ పడక్కర్లేదు. నెలల తరబడి చేస్తేనే కాళ్లకు పట్టుబడుతుంది.

గ్యాస్ లెక్కలు ఈ కోర్సు ఇచ్చే అతి విలువైన వస్తువు. 15 మీటర్ల దగ్గర 20 నిమిషాల్లో జంట సిలిండర్ల గేజ్ 45 బార్ పడిందనుకోండి. 45ని రెండు సిలిండర్ల మొత్తం 22.2 లీటర్లతో గుణిస్తే దాదాపు 1,000 లీటర్లు. నిమిషానికి 50. అక్కడి ఒత్తిడి 2.5 బార్ కాబట్టి ఉపరితలపు లెక్కలో నిమిషానికి 20 లీటర్లు. ఇది మీ సొంత సంఖ్య, ప్రతి డైవ్ తర్వాతా రాసి పెట్టుకోవాలి.

ఇప్పుడు 30 మీటర్ల దగ్గర తోటి డైవర్ గ్యాస్ అయిపోయిందనుకుందాం. కంగారులో ఒక్కొక్కరు నిమిషానికి 30 లీటర్లు, ఇద్దరికీ 60. అక్కడి ఒత్తిడి 4 బార్, అక్కడే ఒక నిమిషం గడిస్తే 60×4, అంటే 240. పైకి రావడానికి 4 నిమిషాలు, సగటు ఒత్తిడి 2.5, అంటే 600. 5 మీటర్ల దగ్గర, 1.5 బార్ ఒత్తిడిలో, 3 నిమిషాల ఆగుడు, 270. మొత్తం 1,110 లీటర్లు. జంట సిలిండర్లలో అది 50 బార్. వీపున 11.1 లీటర్ల సిలిండర్ ఒక్కటే ఉంటే 100 బార్! అంటే 200 బార్‌తో దిగినవాళ్లు సగం అయ్యేసరికే పైకి బయలుదేరాలి. ‘50 బార్‌తో పడవెక్కితే చాలు’ అని విని 30 మీటర్లకు దిగేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. ఈ ఒక్క లెక్క కోసమైనా కోర్సు చేయమంటాను.

ఎస్‌ఎంబీ, అంటే మీరున్న చోటు పైనున్న పడవకు చూపించే గాలి బెలూన్, వదలడంలో జరిగే పొరపాటు ఎప్పుడూ ఒకటే: బెలూన్‌లోకి గాలి ఊదుతూ తామూ పైకి తేలిపోవడం. ముందే వింగ్ కాస్త ఖాళీ చేసుకుని, ఒక్క ఊపిరి మాత్రం ఊది వెంటనే వదిలేయాలి. 10 మీటర్ల దగ్గర ఊదిన గాలి పైకొచ్చేసరికి రెట్టింపవుతుంది కాబట్టి అది చాలు. దాని తాడు చుట్టిన స్పూల్‌ని ఒంటికి క్లిప్ చేసుకుని మాత్రం వదలకండి. తాడు చిక్కుపడితే మిమ్మల్నీ లాక్కుపోతుంది.

మునగడానికి కట్టుకునే బరువులు సరిపోయాయో లేదో చూసుకునేది డైవ్ చివర్లోనే. అల్యూమినియం సిలిండర్లు ఖాళీ అయ్యేకొద్దీ తేలతాయి. 40 బార్ మిగిలినప్పుడు, వింగ్ దాదాపు ఖాళీగా ఉంచి 3 మీటర్ల దగ్గర నిలవగలిగితే బరువు సరిపోయినట్టు.

లోపాలూ ఉన్నాయి. మూడు నాలుగు రోజుల్లో ముగించేస్తారు, పాత అలవాట్లు అంత తొందరగా పోవు. పైగా కోర్సు నాణ్యత కార్డు మీది సంస్థ పేరుకంటే ఇన్‌స్ట్రక్టర్ మీద ఎక్కువ ఆధారపడుతుంది. డబ్బు కట్టేముందు మూడు అడగండి: ప్రతి డైవ్‌నీ వీడియో తీసి చూపిస్తారా, ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది, నైపుణ్యం రాకపోతే కార్డు ఆపుతారా. మూడోదానికి నసిగేవాళ్ల దగ్గర చేరకండి. సొంత సామాను కొనడం కోర్సు తర్వాతే. బ్యాక్‌ప్లేట్ (సిలిండర్లు బిగించే వీపు పలక) స్టీల్‌దా అల్యూమినియందా, వింగ్ ఎంత బరువును తేల్చేది అన్నవి అద్దె సామానుతో నాలుగు రోజులు ఈదాకే తేలతాయి.

కో టావోలో నీళ్లు 28 నుంచి 30 డిగ్రీలు, 3 మిల్లీమీటర్ల సూట్ చాలు. సాధనకు లోతు తక్కువున్న చిన్న అఖాతాలు ఉన్నాయి. తర్వాత చూడటానికి 2011లో ముంచిన పాత థాయ్ నౌకాదళ నౌక హెచ్‌టీఎంఎస్ సత్తకుట్ 30 మీటర్ల ఇసుక మీద ఉంది. నవంబరులో వెళ్లకండి, సముద్రం కల్లోలంగా ఉంటుంది. ద్వీపంలో విమానాశ్రయం లేదు, పడవలో చుంఫోన్‌కో కో సముయికో రావాలి. వరుసగా రోజూ డైవ్ చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి. ఒక రోజంతా ఖాళీగా ఉంచుకుని, ఆ తర్వాతి రోజుకే హైదరాబాద్ టికెట్ తీసుకోండి.