ఎమిరేట్స్‌లో ఆర్సెనల్ మహిళల మ్యాచ్

లండన్‌లోని ఎమిరేట్స్ స్టేడియంలో ఆర్సెనల్ క్లబ్బు మహిళల ఫుట్‌బాల్ జట్టు ఆటకు పెట్టిన టికెట్టు డబ్బు దండగ కాలేదు. 2022 జులై 31న వెంబ్లీలో 87,192 మంది ఎదుట ఇంగ్లండ్ మహిళల జట్టు యూరప్ దేశాల యూరో కప్పు గెలిచిన రెండు నెలలలోపే, టోటెన్‌హామ్‌తో ఆటకు ఇక్కడికి 47,367 మంది వచ్చారు. 2024 ఫిబ్రవరిలో మాంచెస్టర్ యునైటెడ్‌తో మ్యాచ్‌కు ఆ సంఖ్య 60,160కి చేరింది.

నా ముందు వరుసలోని పాప చొక్కా వీపు మీద మీడ్ అన్న పేరుంది, ఇంగ్లండ్‌కూ ఆర్సెనల్‌కూ కుడి అంచున ఆడిన బెత్ మీడ్ అన్నమాట. బంతి కుడి అంచుకు వచ్చిన ప్రతిసారీ కుర్చీ ఎక్కేది, తండ్రి దించేవాడు, ఆట కన్నా నేను వాళ్లనే ఎక్కువగా చూశానేమో. టీవీలో దేశం తరఫున చూసిన క్రీడాకారిణి మన పేటలోనే ఆడుతుందన్న సంగతే ఈ జనాన్ని రప్పిస్తోందని నాకనిపించింది. అయితే లండన్ శివార్లలోని బోరమ్‌వుడ్‌లో ఈ జట్టు ఆడుతూ వచ్చిన పాత మైదానంలో సుమారు 4,500 మందికే చోటుంది. క్లబ్బు పెద్ద స్టేడియం ఇచ్చి ఉండకపోతే, ఆ కప్పు గెలుపు చూసి వచ్చిన అభిమానులు బయటే నిలబడేవారు.