వేట విరామంలో తీరం ఊళ్ళు: ఎక్కడ దిగాలి, ఎవరిని అడగాలి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజుల పాటు, తూర్పు తీరంలో మరబోట్లూ ఇంజను పడవలూ సముద్రంలోకి వెళ్ళవు. చేపలు గుడ్లు పెట్టే కాలమని విధించిన నిషేధం ఇది. పిల్లలకు బడి సెలవులు కూడా అప్పుడే కనుక పట్నాల జనం బీచ్‌ల దారి పట్టేదీ ఆ రోజుల్లోనే. ఒక రకంగా ఇది మంచి సమయం. బోట్లన్నీ ఒడ్డున ఉంటాయి, మగవాళ్ళంతా ఊళ్ళో ఉంటారు. వలల మరమ్మతులు, పడవలకు కొత్త రంగులు, పెళ్ళిళ్ళు, అమ్మవారి సంబరాలు, వాలీబాల్ టోర్నమెంట్లు అన్నీ ఈ రెండు నెలల్లోనే కుదురుతాయి. మిగతా ఏడాదంతా తెల్లారేసరికి వేటకు పోయే ఊరు ఇప్పుడు తీరిగ్గా కనిపిస్తుంది.

చేపల కోసమే వెళ్ళేవాళ్ళకు మాత్రం ఇది చెడ్డ కాలం. ‘తాజా సముద్రపు చేప’ అని బోర్డు పెట్టిన చోట వడ్డించేది చాలావరకు ఐసు సరుకు, లేదంటే చెరువు రొయ్య. ఇంజను లేని తెప్పలకు నిషేధం వర్తించదు కాబట్టి కొద్దిపాటి పచ్చి చేప దొరుకుతుంది. అది కావాలంటే పొద్దున్నే ఒడ్డుకు చేరాలి. అలివి వల లాగే చోటయితే ఇంకా మంచిది. వల రెండు కొసల తాళ్ళను ఒడ్డున రెండు బృందాలు పట్టుకుని, వెనక్కి నడుస్తూ లాగుతూ ఒకదానికొకటి దగ్గరవుతాయి. సంచి భాగం ఇసుక మీదికి వచ్చాక పావుగంటలో సరుకు బుట్టల్లోకి చేరిపోతుంది. బేరం అక్కడే, అప్పుడే. ఫొటోల కోసం ఆ తాళ్ళ మధ్యకు వెళ్ళడం, ఆరబెట్టిన వలలను చెప్పులతో తొక్కడం ఎవరికీ నచ్చదు.

ఏ ఊరు ఎంచుకోవాలన్న లెక్కలో చాలామంది ముందు గది చూస్తారు, తర్వాత బీచ్ చూస్తారు. అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఆ తీరం ఎవరి చేతిలో ఉందన్నది. పర్యాటక శాఖ చేతిలోనా, దేవస్థానం చేతిలోనా, రిసార్టుల చేతిలోనా, పంచాయతీ చేతిలోనా? మరుగుదొడ్డి తాళం, పార్కింగు రసీదు, రాత్రి దీపం, ఒడ్డున కాపలా మనిషి, ఇవన్నీ దాన్ని బట్టే ఉంటాయి.

సూర్యలంక సంగతి చూద్దాం. బాపట్ల స్టేషన్ నుంచి సుమారు 9 కిలోమీటర్లు, ఆటో తేలిగ్గా దొరుకుతుంది. పర్యాటక సంస్థ వారి హరిత రిసార్టు ఒడ్డునే ఉంది. పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు ఇదే సులువైన తీరం: రైలు దిగితే చాలు, గది ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు, నడిచి నీళ్ళ దగ్గరికి పోవచ్చు. లోపం కూడా ఆ సులువులోనే ఉంది. శని, ఆదివారాల్లో జనం విరగబడతారు, గదులు ముందే నిండిపోతాయి. ఇసుక మీద నీడ తక్కువ కాబట్టి మే నెలలో పదకొండు నుంచి నాలుగు దాకా గది బయట చేయగలిగిందేమీ లేదు. మంగళ, బుధవారాల్లో వెళితే ఇదే తీరం వేరే ఊరిలా ఉంటుంది.

చీరాల వైపు వాడరేవు, రామాపురం తీరంలో ప్రైవేటు రిసార్టులు వరసగా ఉంటాయి. ఈత కొలను, ఏసీ, తోట లోపల చక్కగానే ఉంటాయి. గేటు దాటి ఇసుక మీదికి వస్తే మాత్రం బాధ్యత ఎవరిదన్నది అస్పష్టం. ‘ప్రైవేటు బీచ్’ అన్న ప్రకటనను నమ్మి డబ్బు ఎక్కువ పెట్టొద్దు. పోటు నీరు తాకే ఇసుక ఎవరి సొంతమూ కాదు, ఊరివాళ్ళు అక్కడ నడుస్తారు, వలలు ఆరేస్తారు, అది వాళ్ళ హక్కు. గది తీసుకునేటప్పుడు అడగాల్సినవి మూడు: జనరేటరుతో ఏసీ నడుస్తుందా లేక ఫ్యాను, లైటు వరకేనా, కుళాయిలో వచ్చేది ఉప్పు నీరా మంచినీరా, రాత్రి వంటగది ఎన్నింటికి మూస్తారు. ఎండాకాలం సాయంత్రం గాలివానకు తీగలు తెగితే కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం, అందుకే మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు రాబట్టాలి.

నెల్లూరుకు పాతిక కిలోమీటర్ల లోపే ఉన్న మైపాడు అటు పర్యాటక కేంద్రం, ఇటు మత్స్యకార గ్రామం. ఇక్కడా హరిత రిసార్టు ఉంది. అయితే నెల్లూరు, ప్రకాశం తీరంలో పట్టపు మత్స్యకారులు ఉండే పాలేల తీరు తెలియాలంటే పంచాయతీ ఆఫీసు ఒక్కటీ చూస్తే సరిపోదు. ఈ పాలేల్లో ఎన్నికైన సర్పంచ్, వార్డు సభ్యులు ఒక పక్క ఉంటే, తరతరాలుగా ఊరి పెద్దరికం చేసే పెద్దకాపులు ఇంకో పక్క ఉంటారు. వేటకు ఎప్పుడు పోవాలి, ఎవరు ఎక్కడ వల వేయాలి, గంగమ్మ తిరునాళ్ళకు ఇంటికి ఎంత చందా, గొడవ పడితే ఏం చేయాలి, ఇవన్నీ వాళ్ళు కూర్చుని తేలుస్తారు. ఆ కట్టుబాటును దురాయి అంటారు. చట్టం ముందు దానికి విలువ లేదు, వెలి వేసిన సందర్భాల్లో అధికారులు కలగజేసుకోవలసి వచ్చింది కూడా. అయినా, తిరునాళ్ళు ఫలానా రోజు అని పంచాయతీ ఆఫీసులో అడిగితే ‘పెద్దల్ని అడగండి’ అనే అంటారు. చుట్టపు చూపుగా వచ్చినవాళ్ళకు ఇందులో పనికొచ్చేది ఒకటే: బయటివాళ్ళు రావచ్చా, ఫొటోలు తీయవచ్చా అన్నది ఆ పెద్దకాపులనే అడగాలి, పెద్దాయన్ని ‘అయ్యా’ అని పలకరించి అడిగితే వద్దనేవాళ్ళు తక్కువ. కొన్ని ఊళ్ళలో జాతర రోజుల్లో పొలిమేర కట్టేస్తారు, ఆ గడువులో లోపలివాళ్ళు బయటికి, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. అది తెలియక సామానుతో ఊరి మొదట్లో నిలబడిపోవడం కంటే ముందు రోజు ఒక ఫోన్ చేసుకోవడం మేలు.

అంతర్వేది పద్ధతి వేరు. లక్ష్మీనరసింహస్వామి కల్యాణం మాఘంలో, భీష్మ ఏకాదశికి. కాబట్టి ఎండాకాలంలో ఇక్కడ పెద్ద రద్దీ ఉండదు. గుడి, సత్రాలు దేవస్థానం కింద ఉంటాయి, అక్కడి శుభ్రత ఒక తీరు. గుడి దాటి సముద్రం వైపు, వశిష్ఠ గోదావరి కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు వెళితే దేవస్థానం పారిశుద్ధ్యం అక్కడికి రాదు. బట్టలు మార్చుకునే గదులు, నీళ్ళు గుడి దగ్గరే చూసుకుని కదలాలి. సంగమం దగ్గర నదీ ప్రవాహం, సముద్రపు పోటు ఢీకొంటాయి, అడుగున ఇసుక రోజుకో తీరున కదులుతుంది. మోకాలి లోతు కనిపించిన చోట రెండడుగులు వేస్తే నిలువు లోతు రావచ్చు. అక్కడ స్నానం మానేయడమే సరైన పని. సత్రం గది ఒకరాత్రికి చాలు, కాస్త సౌకర్యం కావాలంటే దిండి ఊళ్ళో ఉండి పగలు వచ్చిపోవచ్చు.

మొగల్తూరు మండలంలోని పేరుపాలెం తీరం పగటి యాత్రకు బాగుంటుంది. రాత్రి బసకు నరసాపురమో భీమవరమో చూసుకోండి.

శ్రీకాకుళం వైపు తీరం మా లెక్కలో అన్నింటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది, తక్కువ సౌకర్యం ఉండేది. వంశధార కలిసే కళింగపట్నంలో లైట్‌హౌస్, దారిలో శాలిహుండం బౌద్ధ స్తూపాలు ఒక్క రోజులో చూడవచ్చు, బస శ్రీకాకుళంలోనే. మహేంద్రతనయ కలిసే బారువకు సోంపేట స్టేషన్ దగ్గర. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఈ తీరంలో ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో వందకు పైగా ఉంటాయి, 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. అంటే ఏప్రిల్ చివరి దాకా అటవీ శాఖ హేచరీల దగ్గర పిల్లల్ని సముద్రంలోకి వదలడం చూసే వీలుంటుంది. వదిలేది తెల్లవారుజామునో, పొద్దుగూకే వేళనో. ఎండలో ఇసుక కాలిపోతుంది, పక్షులు తన్నుకుపోతాయి. తాబేలు పిల్లల్ని చేత్తో పట్టుకోనివ్వరు, పట్టుకోకూడదు కూడా: వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జీవి అది.

బీచ్ పండగల నిర్వాహకులు ఎక్కువగా పొరబడేది కూడా ఈ తాబేళ్ళ దగ్గరే. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వెలుగు ఉన్న దిక్కుకు పాకుతుంది. చీకటి రాత్రి సముద్రమే మిగతా అన్నిటికన్నా తెల్లగా ఉంటుంది కాబట్టి దారి తప్పదు. ఇసుక మీద ఫ్లడ్‌లైట్లు పెడితే స్టేజీ వైపు, రోడ్డు వైపు నడుస్తుంది. దీపాల ముఖం ఊరి వైపు తిప్పి, పైన డొప్పలు బిగించి, రాత్రి కార్యక్రమం అవగానే ఆపేస్తే చాలు, ఖర్చేమీ లేదు. ఇది చేసిన ఊరిని మెచ్చుకోవాలి.

ఇక డబ్బు సంగతి. బీచ్‌లో మరుగుదొడ్లు కట్టి ఉంటాయి, కానీ తాళం వేసి ఉంటాయి. దీనికి సర్పంచ్‌ను తిట్టడం మామూలే. 2021–26 మధ్య పంచాయతీలకు కేంద్రం ఇచ్చే 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతం ముడిపెట్టిన నిధులు: సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు గానీ, జీతాలకు వాడకూడదు. కట్టడానికి డబ్బుండి, రోజంతా కూర్చుని కడిగే మనిషికి జీతం లేకపోవడం ఇలాగే జరుగుతుంది. దానికి తోడు ఉప్పుగాలికి తలుపు బందులు, మోటారు బోల్టులు రెండేళ్ళలో తుప్పు పట్టిపోతాయి. ఇసుకలో నీటిమట్టం పైనే ఉంటుంది కాబట్టి సెప్టిక్ ట్యాంకు తొందరగా నిండుతుంది. పైట్యాంకు పొద్దున ఒకసారి నింపితే సాయంత్రం జనం వచ్చే వేళకు చుక్క మిగలదు. అందుకే వాడుకోవలసినది నాలుగు లోపు వాడుకోండి. తాళం చెవి చాలాచోట్ల పక్కన టీ కొట్టులోనే ఉంటుంది.

ఆ కడిగే మనిషి జీతం రావలసింది ఊరి సొంత ఆదాయం నుంచి, అంటే పార్కింగు, దుకాణాల ఆశీలు నుంచి. ఏటా మార్చిలో వేలం వేసి ఏడాదికి పాటదారుడికి అప్పగిస్తారు. బండి ఆపగానే చేతిలో పెట్టే రసీదును ఒకసారి తిప్పి చూడండి: పంచాయతీ పేరు, వరస నంబరు, మొత్తం, ఏ సంవత్సరానిది అన్నవి అచ్చులో ఉండాలి. రేట్ల బోర్డు ఎక్కడుందో అడగండి. బోర్డు లేకుండా, పెన్నుతో అంకె దిద్ది ఇస్తే ఆ అదనం పంచాయతీకి చేరదు. అలాంటప్పుడు పాటదారుడి కుర్రాడితో వాదన దండగ, రసీదు ఫొటో తీసి పంచాయతీ ఆఫీసులో కార్యదర్శికి చూపించండి. సర్పంచ్ గడువు తీరి ఎన్నికలు జరగని కాలంలో ప్రత్యేకాధికారి ఉంటారు. 2018 ఆగస్టు తర్వాత 2021 దాకా అలాగే నడిచింది. అలాంటప్పుడు కొత్త పనులకు చొరవ తక్కువ, కార్యదర్శి ఒక్కరే దిక్కు.

సంబరాల రాత్రి నిద్ర గురించి ముందే ఆలోచించుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు పెట్టకూడదు. పండగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి 12 దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. ఊరి సంబరం ఆ గడియారం చూసుకుని నడవదు. పన్నెండు దాటాక కూడా మోగే ఊళ్ళున్నాయి. ఊళ్ళోనే బస అయితే గది గుడికీ స్టేజీకీ గాలి కింది వైపు కాకుండా చూసుకోండి. ఎండాకాలం రాత్రి తొలిజాము దాకా గాలి సముద్రం మీంచి ఊళ్ళోకి వీస్తుంది కాబట్టి, ఒడ్డున స్టేజీ వేస్తే శబ్దమంతా ఊరి మీదికే.

నీళ్ళలోకి దిగే ముందు రెండు చూడాలి: ఒడ్డున గజ ఈతగాళ్ళు ఉన్నారా, కెరటాల వరసలో ఎక్కడైనా నురగ లేకుండా నల్లగా, నిశ్శబ్దంగా ఉన్న పట్టీ కనిపిస్తోందా. ఈత రానివాళ్ళు అదే చోటు ప్రశాంతంగా ఉందనుకుని దిగుతారు. ఒడ్డుకు వచ్చిన నీరంతా వెనక్కి లాగే కాలువ అది. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడి అప్పుడు తిరగాలి. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు ఎక్కువ, పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నిన్న కూర్చున్న చోట ఇవాళ సంచులు పెడితే తడుస్తాయి.

మే నెల అంటే తుపాను నెల కూడా. లైలా 2010 మే 20న బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2022 మేలో అసని వచ్చినప్పుడు సంతబొమ్మాళి మండలం సున్నాపల్లి రేవుకు బంగారు రంగు రథం ఒకటి కొట్టుకొచ్చి ఊరంతా తిరునాళ్ళయింది. బయల్దేరే ముందు రోజు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వారి అలల హెచ్చరిక, రేవుల్లో ఎగరేసిన ప్రమాద సూచిక నంబరు చూసుకుని, గది రద్దు చేస్తే ఎంత వెనక్కిస్తారో ముందే రాతలో తీసుకోండి.

అంతర్వేది నుంచి తిరుగు ప్రయాణంలో ఎక్కువమంది ఇరుక్కునేది గోదావరి దాటించే నరసాపురం–సఖినేటిపల్లి పంటు (బల్లకట్టు) దగ్గర. కారు, బైకు కూడా ఎక్కించుకుంటుంది కానీ రాత్రంతా తిరగదు, ఆఖరి పంటు ఎప్పుడన్నది వెళ్ళేటప్పుడే రేవులో అడగాలి. ఆదివారం సాయంత్రం కార్ల వరస పొడవుగా ఉంటే ఆగకుండా రాజోలు మీదుగా చించినాడ వంతెన ఎక్కి పాలకొల్లు వైపు వెళ్ళిపోవడమే తేలిక.