రెండో సగానికి ఏది మేలు: బీథోవెన్ ఐదా, ద్వోర్జాక్ తొమ్మిదా?

వచ్చే కచేరీ రెండో సగంలో ఏ సింఫనీ (ఆర్కెస్ట్రా అంతా కలిసి వాయించే, కొన్ని భాగాలుగా సాగే పెద్ద రచన) వాయించాలన్న దగ్గర మా కమ్యూనిటీ ఆర్కెస్ట్రా రెండు వర్గాలైంది. అందరం ఉద్యోగాలు చేసుకుంటూ వారానికో సాయంత్రం కలిసి వాయించేవాళ్లమే. కొందరు బీథోవెన్ ఐదో సింఫనీ అంటారు, మిగతావాళ్లు ద్వోర్జాక్ తొమ్మిదోది, ‘న్యూ వరల్డ్’.

హాలు నిండాలంటే బీథోవెనే. ఆ మొదటి నాలుగు స్వరాలు వినని వాళ్లుండరు. చిక్కల్లా అక్కడే. వాటికి ముందు చిన్న విరామం ఉంది. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకు అనాగతం అంటే చాలు, అర్థమైపోతుంది: తాళం దెబ్బ పడ్డాకే ఎత్తుకోవాలి. ఒక్కరు పాడేటప్పుడు అది తేలికే. ఇక్కడ తీగవాద్యాలన్నీ, వాటితో పాటు క్లారినెట్లూ ఒకేసారి ఎత్తుకోవాలి. ఒక్కరు తొందరపడినా హాలంతా తెలిసిపోతుంది. మూడో భాగంలో చెల్లోలు, బాస్‌లు (కింది స్థాయిలో పలికే పెద్ద తీగవాద్యాలు) పరుగెత్తే చోటు ఇంకో టెన్షన్. 1808 డిసెంబరులో వియన్నాలో తొలి ప్రదర్శనకే రిహార్సల్ చాలలేదు. బీథోవెన్ పక్కనుండగానే ఆ గతి పడితే మన సంగతి చెప్పాలా?

ద్వోర్జాక్‌కు మనుషులు ఎక్కువ కావాలి. బీథోవెన్‌కు రెండు హార్న్‌లు (చుట్టలు తిరిగిన ఇత్తడి బాకాలు) చాలు, దీనికి నాలుగు. పైగా ముప్పావు గంట దాకా సాగుతుంది. ట్యూబా అనే పెద్ద ఇత్తడి బాకా వాయించే ఆయనకు రెండో భాగంలో కొన్ని స్వరాలే, సింబల్స్ (పెద్ద ఇత్తడి తాళాలు) మనిషికి మొత్తం మీద ఒక్క దెబ్బే. (బీథోవెన్‌లో ట్రాంబోన్ అనే బాకాల వాళ్లు మూడు భాగాలూ చేతులు కట్టుకుని కూర్చుంటారు కనుక, బీథోవెన్ వర్గం కూడా ఈ మాట ఎత్తకూడదు.)

అయినా నా ఓటు ద్వోర్జాక్‌కే. ఆయన న్యూయార్క్‌లో ఉండగా రాసిన ఈ సింఫనీ 1893లో కార్నెగీ హాల్లో తొలిసారి వినిపించింది. రెండో భాగంలో తీగవాద్యాలు మ్యూట్లు (నాదాన్ని తగ్గించే చిన్న బిళ్లలు) పెట్టుకుని మెల్లగా శ్రుతి పట్టినట్టు నిలుస్తాయి, దాని మీద ఇంగ్లిష్ హార్న్ (పేరుకే హార్న్, నిజానికి ఓబో జాతి చెక్క ఊదువాద్యం) పాట ఎత్తుకుంటుంది. ఆ మొదటి పంక్తి అచ్చం మోహన రాగంలా ఉంటుంది. సింఫనీ అంటే ఏమిటో తెలియని మన పెద్దవాళ్లు కూడా అక్కడ తల ఊపుతారు. వేగం తక్కువ కాబట్టి మాలాంటి వాళ్లకు ఒకరినొకరు వినే తీరిక దొరుకుతుంది.

కాకపోతే ఒక షరతు. ఇంగ్లిష్ హార్న్ బాగా వాయించే మనిషి, నలుగురు హార్న్ వాళ్లు ముందే ఖాయం కావాలి. కుదరకపోతే మళ్లీ బీథోవెన్ వైపు వెళ్లొద్దు. షూబర్ట్ ‘అన్‌ఫినిష్డ్’ తీసుకుందాం. రెండే భాగాలు, అరగంట లోపే, రెండు హార్న్‌లతో సరి. చెల్లోలకు మంచి పాట కూడా ఉంది.