లెఫ్టీ క్రే పాఠాలు మన చెరువుల్లో పనికొస్తాయా?

హైదరాబాద్‌లో గాలం, బెండు, ఎర్రలు తెలియనివాళ్లు ఉండరు. ఫ్లై ఫిషింగ్ నేర్పేవాళ్లను మాత్రం వెతుక్కోవాలి. ఈకలతో కట్టిన, దాదాపు బరువే లేని 'ఫ్లై' అనే ఎరను దూరంగా చేప ముందు పడేయడం ఎవరైనా దగ్గరుండి చూపిస్తే గానీ రాదు. నాకు చూపించింది లెఫ్టీ క్రే, అదీ వీడియోల్లో. కొన్నేళ్లుగా ఆయన పాఠాల మీదే నా బండి నడుస్తోంది.

ఆయన 1925లో అమెరికాలోని మేరీల్యాండ్‌లో పుట్టారు, 2018లో పోయారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా పనిచేశారు. 1947లో జో బ్రూక్స్ అనే ఫ్లై ఫిషింగ్ నిపుణుడు లైన్ విసిరే తీరు చూసి ఈ విద్యలో పడ్డారు. రాడ్ పక్కన పెట్టి వట్టి చేతులతోనే లైన్ విసిరి చూపించేంత పట్టు. అంతటి మనిషి కొత్తవాళ్లతో మాట్లాడుతుంటే మన ఇంట్లో పెద్దాయన నవ్విస్తూ పని నేర్పుతున్నట్టే ఉంటుంది.

నన్ను పట్టేసింది మాత్రం ఆ నవ్వులు కాదు. ప్రతిదానికీ కారణం చెబుతారు. పాత పద్ధతిలో రాడ్‌ను గడియారంలో పది నుంచి ఒంటిగంట మధ్యే ఆడించమంటారు. క్రే ఆ గడియారాన్నే తీసి పారేశారు. మామూలు గాలంలో బరువు చివర ఉంటుంది, ఇక్కడ బరువంతా లైన్‌దే. అందుకని లైన్ చివర కదిలేదాకా విసరొద్దంటారు. ఆ తర్వాత చేతి వేగం పెంచుకుంటూ పోయి టక్కున ఆపాలి. రాడ్ కొన ఎటు వేగం అందుకుని ఆగిందో లైన్ అటే పోతుంది. రాడ్ ఎంత ఎక్కువ దూరం ప్రయాణిస్తే కండబలం అంత తక్కువ చాలు. ఈ నాలుగు ముక్కలే ఆయన పాఠమంతా.

కాలనీ పార్కులో ఫ్లై బదులు ఉన్ని ముక్క కట్టి, రాడ్‌ను నేలకు సమాంతరంగా పక్కకు ఆడిస్తే ఇదంతా కళ్లముందే కనిపిస్తుంది. ఆపడం ఆలస్యమైతే లైన్ వెడల్పుగా తెరుచుకుని కాళ్ల దగ్గరే కుప్పపడుతుంది. టక్కున ఆపితే సన్నని మెలికలా విప్పుకుంటూ దూసుకుపోతుంది. "గాల్లో కొరడా కొడ్తున్నరేంది సార్?" అని వాచ్‌మన్ అడిగాడు. రాడ్ చేతికిచ్చాను. నాలుగోసారికే నాకంటే బాగా ఆపాడు!

మోచేయి ఎత్తులో ఒక అల్మరా అర ఉందనుకుని, దాని మీద మోచేయిని ముందుకూ వెనక్కూ జరపమన్న సలహా నా భుజాన్ని కాపాడింది. పొద్దంతా విసిరినా నొప్పి లేదు.

ఆయన తయారుచేసిన 'లెఫ్టీస్ డిసీవర్' ఫ్లై 1991లో అమెరికా తపాలా బిళ్ల మీదికి కూడా ఎక్కింది. పొడవాటి ఈకలను ముల్లు వంపు దగ్గర కట్టడం వల్ల విసిరేటప్పుడు ముల్లుకు చుట్టుకోవు. చిన్న చేపలా నీళ్లలో కదులుతుంది. ఆయన జింక తోక వెంట్రుకలు వాడారు. మనకు ఆ గొడవ ఎందుకు, మేక వెంట్రుకలతో పని జరుగుతుంది. ఈకలకు చికెన్ షాపులో నాటు పుంజు వీపు భాగం అడిగితే సరి, షాపాయన వింతగా చూసినా ఇస్తాడు. గుర్రపుడెక్క అంచున కొరమీను కోసం వేసేటప్పుడు ముల్లుకు అడ్డంగా గట్టి నైలాన్ దారం కడతాను, లేదంటే చేపకు బదులు తీగలే వస్తాయి.

ఇబ్బందులూ ఉన్నాయి. రాడ్‌ను అంత వెనక్కి తీసుకెళ్లాలంటే వెనక ఖాళీ ఉండాలి. సముద్రతీరంలో సరే, మన కుంటల గట్ల మీద తుమ్మచెట్లు ఊరుకుంటాయా? అక్కడ వెనక్కి విసరకుండా నీటి మీదనుంచే లైన్‌ను దొర్లించే రోల్ కాస్ట్ దిక్కు. అదీ ఆయన నేర్పారు కానీ నేను చూసిన వీడియోల్లో కాసేపే ఉంది. సముద్రపు చేపల ముచ్చట్లు మాత్రం బోలెడు. మాట స్పీడు, జోకుల్లో సగం అక్కడివాళ్లకే అర్థమయ్యేవి.

అయినా కొత్తవాళ్లెవరైనా అడిగితే ఆయన పేరే చెబుతాను. ముందు ఆ నాలుగు సూత్రాలు చూడండి. అనుమతి ఉన్న కుంటలో తేలికపాటి రాడ్‌తో జిలేబీ చేపల మీద మొదలుపెట్టండి. ఎడమచేత్తో లైన్ లాగే డబుల్ హాల్ పాఠం మాత్రం రాడ్ అదుపులోకి వచ్చాకే తెరవండి. ముందే చూస్తే రెండు చేతులూ ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి.