గ్నూ స్టో: సర్వర్‌లో ఏళ్ల తరబడి వాడిన తరువాత

ఒంగోలులోని మా కార్యాలయంలో అచ్చు తెలుగు పత్రాలను స్కాన్ చేసి, వెతుక్కోవడానికి వీలుగా మార్చే లినక్స్ సర్వర్ ఒకటి ఉంది. అందులో సోర్స్ నుంచి కంపైల్ చేసిన సాఫ్ట్‌వేర్‌ను సర్దిపెట్టే పనిని కొన్నేళ్లుగా గ్నూ స్టో అనే సాధనానికే అప్పగించాను. అది నచ్చడానికి కారణం ఒక్కటే. ప్రతి సాఫ్ట్‌వేర్‌నూ 'యూఎస్‌ఆర్/లోకల్/స్టో' కింద పేరు, వెర్షన్ రాసిన విడి ఫోల్డరులో ఉంచి, బయటికి సింబాలిక్ లింకులు (అసలు ఫైలు ఎక్కడుందో చూపే గుర్తులు) మాత్రమే వేస్తాము కనుక, ప్రోగ్రాములుండే 'బిన్' ఫోల్డరులో 'ఎల్ఎస్ -ఎల్' ఆదేశం కొడితే ఏ ఫైలు దేనిదో బాణం గుర్తే చూపిస్తుంది. ఎవరు వేశారో తెలియని ఫైళ్ల ముందు తల పట్టుకుని కూర్చున్నవారికి ఈ సుఖం విలువ తెలుస్తుంది.

అయితే స్కాన్ చిత్రాల్లోని అక్షరాలను గుర్తించే టెసెరాక్ట్‌ను కొత్త వెర్షన్‌కు మార్చిన రోజున ఇంగ్లిష్ పేజీలు చక్కగా చదివిన సర్వర్, తెలుగు పేజీ ఇవ్వగానే తెలుగు గుర్తింపుకు కావలసిన డేటా ఫైలు 'టెల్.ట్రెయిన్‌డ్‌డేటా' తెరవలేకపోతున్నానని మొరాయించింది. ఆ ఫైలును ఎవరూ తొలగించలేదు. ఒక ఫోల్డరు మొత్తం ఒకే ప్యాకేజీదైతే స్టో అందులోని ఫైళ్లకు విడివిడిగా కాక, ఫోల్డరుకే ఒక లింకు వేస్తుంది. అందువల్ల సహోద్యోగి 'షేర్/టెస్‌డేటా'లో పెట్టాననుకున్న తెలుగు ఫైలు నిజానికి పాత వెర్షన్ ఫోల్డరులోకి వెళ్లింది. లింకు కొత్తదానివైపు తిరగగానే కనబడకుండా పోయింది. పాత ఫోల్డరును అప్పటికింకా చెరిపివేయలేదు కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి బయటి ఫైళ్లు చేరే ప్యాకేజీలన్నింటికీ, ఫోల్డరుకు కాక ఫైళ్లకే విడివిడిగా లింకులు వేయించే 'నో-ఫోల్డింగ్' ఆప్షన్ తప్పనిసరి చేశాము. స్టో అలవాటుగా దాన్ని వాడకపోవడం నాకు నేటికీ మింగుడుపడదు.

బాణం గుర్తు గొప్పతనానికీ హద్దు ఉంది. లినక్స్ డిస్ట్రిబ్యూషన్ సిద్ధంగా ఇచ్చే ప్యాకేజీ ఉండగా సొంతంగా ఎందుకు కంపైల్ చేశామో, కంపైల్‌కు ముందు నడిపే 'కాన్ఫిగర్'కు ఏ ఆప్షన్లు ఇచ్చామో అది చెప్పదు. అందుకే ప్రతి ప్యాకేజీ ఫోల్డరు మొదట్లో ఒక 'రీడ్‌మీ' రాసి ఉంచుతున్నాము. ఆ పేరుతో మొదలయ్యే ఫైలును స్టో తనంతట తానే వదిలేస్తుంది, కాబట్టి బయట చెత్త చేరదు. లైబ్రరీలు మారినప్పుడు వాటి జాబితాను తాజాపరిచే 'ఎల్‌డీకాన్ఫిగ్' నడపడం కూడా మన పనే.

మాది ఒక్క సర్వర్, చూసుకునేది ఇద్దరం, కనుక మాకు ఇది చాలు. పదుల సర్వర్లు నడిపేవారు మాత్రం సొంతంగా డెబ్ ప్యాకేజీలు (డెబియన్ తరహా లినక్స్‌లో వాడేవి) కట్టుకోవడం మేలేమో ఆలోచించాలి.