లీన్, అజైల్: ఏ టీమ్‌కు ఏది?

సాఫ్ట్‌వేర్ టీమ్‌లు పని నడుపుకునే పద్ధతులివి. చాలామంది రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు. పుట్టుకే వేరు. లీన్ మూలాలు జపాన్‌లోని టొయోటా ఫ్యాక్టరీల్లో ఉన్నాయి. దాన్ని సాఫ్ట్‌వేర్‌కు మలుస్తూ మేరీ, టామ్ పాపెన్‌డీక్ దంపతులు 2003లో పుస్తకం తెచ్చారు. అజైల్ మేనిఫెస్టోను 2001లో అమెరికాలోని యూటాలో 17 మంది కూర్చుని రాశారు.

కస్టమర్ మనసు మారితే మనం ఎంత త్వరగా మారగలం? అజైల్ ప్రశ్న ఇది. అందుకే అజైల్ పద్ధతుల్లో ఒకటైన స్క్రమ్‌లో నెల దాటని స్ప్రింట్లు (పనిని విడగొట్టుకునే చిన్న గడువులు), ప్రతిదాని చివరా పనిచేసే సాఫ్ట్‌వేర్ చూపించడం.

లీన్ చూపు పని నడిచే దారి మీద. కోడ్ రెండు రోజుల్లో రాసేసి, రివ్యూ కోసం వారం, టెస్టింగ్ కోసం ఇంకో వారం ఆగితే, లీన్ లెక్కలో ఆ ఎదురుచూపే వృథా. ఎవరూ వాడని ఫీచరూ, సగంలో ఆగిన పనీ అంతే. లీన్ దారిలోని కాన్‌బాన్ పద్ధతిలో, పనులు ఏ దశలో ఉన్నాయో గడుల్లో చూపే బోర్డు మీద ఒకేసారి నడిచే పనులకు పరిమితి పెట్టేది ఇందుకే. టెస్టింగ్ గడి నిండితే డెవలపర్ కొత్త టికెట్ (పని) ఎత్తుకోడు, వెళ్లి టెస్టింగ్‌లో చెయ్యి వేస్తాడు. మేనేజర్లకు మింగుడుపడనిది ఇదే: మనిషి కాసేపు ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు, పని ఆగకూడదు.

ఏం కావాలో కస్టమర్‌కే ఇంకా తేలని కొత్త ప్రొడక్ట్ అయితే నా మొగ్గు స్క్రమ్ వైపే. రోజూ బగ్‌లు వచ్చిపడే సపోర్ట్ టీమ్‌లో రెండు వారాల ప్లాన్ సోమవారం మధ్యాహ్నానికే తలకిందులవుతుంది. వాళ్లకు కాన్‌బాన్ నయం. కలిపి వాడుకోవచ్చు కూడా: స్ప్రింట్లు అలాగే ఉంచి, ముందు టెస్టింగ్ గడికి పరిమితి పెట్టి చూడండి.